మన్ననూరు గేటు రాత్రి మూస్తే మనకొచ్చిన నష్టమేమిటి?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లలో మన్ననూరు గేటును తిట్టుకోని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. రాత్రి తొమ్మిదికి అటవీ శాఖ వాళ్లు అడ్డకర్ర దించేస్తారు. తెల్లవారి ఆరింటికి గాని ఎత్తరు. అవతలి వైపు నుంచి వచ్చేవాళ్లకు దోర్నాల దగ్గర ఇదే తంతు. "ఇన్నేళ్లుగా తిరుగుతున్నాం, ఒక్క పులి తోక అయినా కనబడిందా? దాని కోసం మనం రోడ్డు మీద తెల్లవార్లూ పడి ఉండాలా?" అని మా బాబాయి అంటాడు. స్వామి దర్శనానికి పోయేవాణ్ని ఆపడానికి వీళ్లెవరని మా పెద్ద బావ అంటాడు. పెళ్లిళ్లలో, కర్మకాండల్లో, ఇంటి వాట్సాప్ గ్రూపులో ఈ తగువు ఏటా కొత్తగా మొదలవుతుంది.

మాది మార్కాపురం వైపు. కాపురం హైదరాబాద్‌లో. ఊరికి దగ్గరి దారిన పోవాలంటే ఆ రెండు గేట్లూ దాటాల్సిందే. కాబట్టి మాట్లాడే హక్కు నాకూ ఉందనుకుంటాను. నేను గేటు పక్షం. అది ఉండాలి, ఇప్పటికన్నా కట్టుదిట్టంగా ఉండాలి. దాన్ని తీసేసి స్తంభాల మీద ఆకాశ మార్గం వేస్తామని ఎవరైనా అంటే సంబరపడకూడదు.

గేటుకు అవతల ఉన్నది మామూలు అడవి కాదు. 1978లో అభయారణ్యంగా ప్రకటించి 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దదిగా పేరు పడింది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన తెలంగాణలో ఉన్న భాగాన్ని 2015లో అమ్రాబాద్ పేరుతో వేరుగా ప్రకటించారు. రెండూ కలిపితే దాదాపు 5,900 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద రెండు అభయారణ్యాలు, ఇద్దరు ఫీల్డ్ డైరెక్టర్లు, రెండు ప్రభుత్వాలు. నదిని ఈదగలిగిన పులికి మాత్రం అదంతా ఒకటే నల్లమల. 2022 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు తేలాయి, అందులో 58 ఈ అడవివే. తెలంగాణ మొత్తానికి తేలినవి 21. నాలుగేళ్ల ముందు అవి 26.

అంత అడవిలో ఇన్ని పులులేనా అని మా బాబాయి వెంటనే పట్టుకుంటాడు. ఆ ప్రశ్న సరైనదే. ఇది పొడి అడవి. నల్లమద్ది, చిరుమాను, ఏగి, టేకు, వెదురు ఉంటాయి. ఎండాకాలం వచ్చేసరికి ఆకు రాలి, వాగులు ఎండి, నీరు అక్కడక్కడ గుంటలకు పరిమితమైపోతుంది. అటవీ సిబ్బంది సిమెంటు తొట్లు కట్టి ట్యాంకర్లతో నీళ్లు పోస్తుంటారు. దుప్పి, కణితి, మనుబోతు, అడవిపంది ఆ నీటి చుట్టూనే తిరుగుతాయి, వాటి వెనక పులీ చిరుతా రేచుకుక్కలూ తిరుగుతాయి. ఏనుగులు ఇక్కడ లేవు. అడవిదున్న ఒకప్పుడు ఉండి ఎన్నడో అంతరించింది. 2024లో ఆత్మకూరు వైపు ఒకటి మళ్లీ కనబడితే అటవీ శాఖ పండగ చేసుకున్నంత పని చేసింది. ఇలాంటి చోట ఒక్కొక్క జంతువుకు తిరగడానికి చాలా నేల కావాలి. ఆ నేల మధ్యలోంచి జాతీయ రహదారి పోతోంది.

రోడ్డు అంటే మనకు నల్లటి గీత. అడవికి అది రాత్రిపూట గోడ అవుతుంది. పగలు చెట్ల కింద పడుకున్నవన్నీ పొద్దు గుంకాక కదులుతాయి. పులికి, చిరుతకు తుప్పల్లో పడి నడవడం కన్నా చదునుగా ఉన్న బాట మీద నడవడమే ఇష్టం. అడవి బాటలైనా ఒకటే, తారురోడ్డైనా ఒకటే. కణితి కళ్లల్లో హెడ్‌లైటు పడితే అది పారిపోదు, ఉన్నచోటే కొయ్యబారి నిలబడుతుంది. పగలంతా కాగిన తారు రాత్రి వెచ్చగా ఉంటుంది గనుక పాములు దాని మీదికి చేరతాయి. మొదటి వానలకు కప్పలు గుంపులుగా దాటుతాయి. టైరు కింద పడి చచ్చేవి కనబడతాయి, వాటిని మనం లెక్కిస్తాం. వెలుతురూ హారనూ చూసి దాటకుండా వెనక్కి తిరిగిన జంతువు ఏ లెక్కలోకీ రాదు. నీళ్లగుంట రోడ్డుకు అటువైపు ఉంటే ఆ రాత్రికి దానికి నీళ్లు లేవు.

తొమ్మిది గంటల పాటు ఆ గోడను తీసేయడమే గేటు చేసే పని. మిగతా 15 గంటలూ రోడ్డు మనదే.

పగటి రోడ్డు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు అక్కడే ఎక్కువ ఒళ్లు మండుతుంది. ఫర్హాబాద్ దాటాక దారి పొడవునా కోతులు. కార్లు ఆపి అరటిపళ్లు, చిప్స్ పొట్లాలు, పులిహోర విసిరేవాళ్లు. అదొక పుణ్యకార్యమని వాళ్ల నమ్మకం. అడవిలో ఉసిరీ తునికీ మేడీ తిని, గింజలు చల్లుతూ తిరగాల్సిన జంతువులు రోడ్డు వార కూర్చుని బిచ్చం ఎత్తుకుంటున్నాయి, వెనక్కి వచ్చే కారు కింద పడుతున్నాయి. వాటి కోసం చిరుత రోడ్డు దగ్గరికి వస్తుంది. చిరుత వచ్చిందని మళ్లీ మనమే వీడియో తీసి భయపడతాం. పిల్లలకు ఆ పళ్లు పడేయడం నేర్పుతున్న తల్లిదండ్రులకు కనీసం ఈ ఒక్క విషయంలో జరిమానా పడితే నేను చాలా సంతోషిస్తాను.

ఈ అడవికి దారులు కొత్త కాదు. మా ఊరికి రైలు తెచ్చింది గుంటూరు నుంచి గుంతకల్లు పోయే పాత మీటరుగేజి లైను. గిద్దలూరు, నంద్యాల మధ్య అది నల్లమలను చీల్చుకుని పోయేది. దొరబావి వంతెన, బొగద సొరంగం 19వ శతాబ్దం చివర్లో కట్టినవే. ఆ రైలు మనుషులను లోపలికి తెచ్చింది, కలపను బయటికి తీసుకుపోయింది. దానికి ఒక వింత సాక్షి ఉంది. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త గుత్తిలో దొరికిన ఒక సాలీడును వర్ణించి పేరు పెట్టాడు. ఒళ్లంతా మెరిసే నీలం. కాళ్ల మీద పసుపుపచ్చ మచ్చలు. అంత అందమైన సాలీడు ప్రపంచంలో మరొకటి ఉండదేమో. అది దొరికింది రైల్వే కలప గోదాములో. ఆ తర్వాత గుత్తి చుట్టుపక్కల మళ్లీ ఎవరికీ కనబడలేదు. నూరేళ్లు దాటాక, 2001లో, అక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల దూరాన నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో పాత చెట్ల తొర్రల్లో దొరికింది. గుత్తికి అది కలపతో పాటు రైలెక్కి వచ్చిందని ఇప్పుడు అనుకుంటున్నారు. భూమి మీద మరెక్కడా పెద్దగా కనబడని ఆ జీవి, మనం గేటు దగ్గర విసుక్కునే ఇదే కొండల వరుసలో, 100 చదరపు కిలోమీటర్లకు మించని చిన్న తావులో బతుకుతోంది. అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో ఉంది. విదేశాల్లో సాలీళ్లను పెంచుకునేవాళ్ల గాజుపెట్టెల్లో మాత్రం కావలసినన్ని ఉన్నాయి.

పులి బొమ్మ ఉన్న బోర్డు చూసి అడవంటే పులే అనుకునేవాళ్లకు ఈ సాలీడును చూపించాలని నా కోరిక. దానికి కావలసింది తొర్ర పట్టేంత వయసున్న చెట్టు. చెట్టుకు తొర్ర పట్టాలంటే ఒక మనిషి జీవితకాలం కన్నా ఎక్కువే కావచ్చు. వంటచెరుకు కోసమో, రోడ్డు వెడల్పు కోసమో కొట్టేసిన ముసలి మద్దికి బదులు పది మొక్కలు నాటామని కాగితం మీద రాసుకోవచ్చు. ఆ మొక్కల్లో సాలీడూ కాపురం ఉండదు, గుడ్లగూబా ఉండదు, తేనెపట్టూ ఉండదు.

ఇక 2019కి వద్దాం. అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు ఆ ఏడాది మే నెలలో కేంద్రం అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. తర్వాత జరిగింది అందరికీ గుర్తుండే ఉంటుంది. అమ్రాబాద్, అచ్చంపేట ప్రాంతాల జనం రోడ్డెక్కారు, నగరంలో సినిమావాళ్లు, రచయితలు, విద్యార్థులు గొంతు కలిపారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మా వాట్సాప్ గ్రూపులో ఆ రోజుల్లో ప్రతి ఒక్కరి బొమ్మ స్థానంలో 'సేవ్ నల్లమల' అన్న ఆకుపచ్చ బిళ్ల ఉండేది. మా బాబాయిది కూడా. మా పెద్ద బావది కూడా.

అది మంచి పోరాటం. నేను తక్కువ చేయడం లేదు. కాని ఆ పోరాటంలో నగరవాసులుగా మనం ఇచ్చింది ఏమిటి? తవ్వేది వేరేవాళ్లు, లాభం వేరేవాళ్లది, వద్దన్నందుకు మన జేబులోంచి పోయింది ఏమీ లేదు. నల్లమల కోసం మనల్ని నేరుగా ఏదైనా అడుగుతున్నది ఈ గేటు ఒక్కటే. అడుగుతున్నది కూడా రాత్రి పూట ఒక రోడ్డు. అక్కడికే మనకు ఊపిరాడటం లేదు.

అదే అడవి కోసం చెంచులను ఏమి అడుగుతున్నారో దాని పక్కన పెట్టి చూడండి. ఊరే ఖాళీ చేయమంటున్నారు. పులుల కోర్ ప్రాంతాల్లోని ఊళ్ల తరలింపును వేగంగా పూర్తి చేయమని 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. దేశవ్యాప్తంగా ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు మిగిలి ఉన్నాయని లెక్క ఇచ్చింది. కుటుంబానికి 10 లక్షలుగా ఉన్న పరిహారాన్ని 2021లో 15 లక్షలు చేశారు. అమ్రాబాద్‌లో సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి ఊళ్ల పేర్లు ఈ జాబితాలో నలుగుతూనే ఉన్నాయి.

చట్టం ఏమంటుందో చాలామందికి తెలియదు. 2006లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గాని, అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం ప్రకారం గాని, ముందు అక్కడివాళ్ల హక్కులను గుర్తించాలి. వాళ్లు ఉండటం వల్ల జంతువులకు సరిదిద్దలేని నష్టం జరుగుతోందని తేలాలి. కలిసి బతికే మార్గం మరేదీ లేదని తేలాలి. అప్పుడు గ్రామసభ తెలిసి, ఇష్టపడి ఒప్పుకుంటేనే కదిలించాలి. ఇష్టపడి పోయేవాళ్లు లేరా అంటే ఉన్నారు. బడి కావాలి, ఆసుపత్రి కావాలి, పిల్లలకు వేరే బతుకు కావాలి అనేవాళ్లను అడవి పేరు చెప్పి ఆపడం కూడా అన్యాయమే. వాళ్లకు పరిహారం పూర్తిగా, వేళకు అందాలి. కాని ఉండిపోతామన్నవాళ్లు ఉండిపోవచ్చు. కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్ట పులుల అభయారణ్యంలో సోలిగ గిరిజనులకు 2011లోనే సామూహిక అటవీ హక్కులు గుర్తించారు. అక్కడ పులులు ఇప్పటికీ ఉన్నాయి.

నల్లమలలో బేస్ క్యాంపుల్లో కాపలా కాస్తున్నవాళ్లలో ఎంతోమంది చెంచు యువకులే. అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పేది వాళ్లు. వేటగాడి ఉచ్చు కనిపెట్టేది వాళ్లు. శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లయ్య అంటాం, అహోబిలం నరసింహస్వామిని చెంచుల అల్లుణ్ని చేశాం, పారువేటకు ఊరేగిస్తాం. దేవుడి పెళ్లికి పిల్లనిచ్చిన ఇంటివాళ్లను ఇల్లు ఖాళీ చేయమని, వాళ్ల పెరట్లోంచి రాత్రంతా కారులో పోతామనడం మనకే చెల్లింది.

అడవి అంచు ఊళ్లు మోస్తున్న భారం కూడా ఈ లెక్కలో వేయాలి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులికూనలు కనబడ్డాయి. ఊరివాళ్లు వాటిని కుక్కల బారిన పడకుండా ఒక గదిలో పెట్టి అటవీ శాఖకు కబురు చేశారు. పిల్లల కోసం తల్లి ఏ రాత్రి ఊరి మీదికి వస్తుందో తెలియని సమయంలో చేసిన పని అది. టి-108 అనే ఆ తల్లి దగ్గరికి కూనలను చేర్చాలని అధికారులు ప్రయత్నించారు, కుదరలేదు. చివరికి తిరుపతి జూకు తరలించారు. ఆ ఊరి రైతులను అభయారణ్యం గురించి ఉపన్యాసం అడగండి, ఇవ్వలేరు. కాని చేయాల్సింది చేశారు.

ఎదుటివాళ్ల వాదనల్లో కొట్టిపారేయలేనిది ఒకటుంది, రోగుల సంగతి. గేట్ల లోపలున్న సున్నిపెంటలోనో ఈగలపెంటలోనో ఎవరికైనా నడిరాత్రి గుండెనొప్పి వస్తే? అంబులెన్సుకు గేటు క్షణం ఆలస్యం లేకుండా తెరుచుకోవాలి, అందులో రెండో మాట లేదు. కర్ణాటక, కేరళ మధ్య బందీపూర్ అడవిలోని రహదారి మీద 2009 నుంచి రాత్రి తొమ్మిది నుంచి ఆరు దాకా ఇలాంటి నిషేధమే ఉంది. అంబులెన్సులకు, కొద్దిపాటి ఆర్టీసీ బస్సులకు మినహాయింపు ఇచ్చారు. వయనాడ్ వాళ్లు దాని మీద పెద్ద ఉద్యమాలే చేశారు, కోర్టులకెక్కారు. వాళ్ల కష్టం మన కష్టం కన్నా పెద్దది, ఎందుకంటే అది ఒక జిల్లా వ్యాపారాలకు ప్రాణాధారమైన దారి. మన దారిలో రాత్రి పోయేవాళ్లలో ఎక్కువమంది శని, ఆదివారాల యాత్రికులు. మార్కాపురం, ఒంగోలు వైపు రాత్రి పోవాలంటే సాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం మీదుగా రోడ్డు ఉంది. అక్కడా అడవి అంచు తగులుతుంది కాని ఇంత లోతుగా కాదు. రాత్రి బస్సయితే నేను అటే పోతాను. కాస్త చుట్టు, అంతే.

స్తంభాల మీద రోడ్డు వేస్తే జంతువులు కింద, మనం పైన, ఇద్దరికీ గొడవ ఉండదు అన్నది ఈ మధ్య వినబడుతున్న మాట. మన్ననూరు నుంచి శ్రీశైలం వైపు ఎలివేటెడ్ కారిడార్ ప్రతిపాదన చర్చలో ఉంది. వినడానికి బాగుంది. హైదరాబాద్ నుంచి నాగపూర్ మీదుగా పైకి పోయేవాళ్లకు తెలుసు, పెంచ్ అడవి దగ్గర 44వ నెంబరు జాతీయ రహదారి కింద జంతువుల కోసం దారులు వదిలారు. పులులు కూడా వాటిలోంచి దాటడం కెమెరాల్లో నమోదైంది. కాబట్టి ఆ ఆలోచన మోసం అనను. కాని అది ఉత్తర దక్షిణాలను కలిపే రహదారి, రాత్రీ పగలూ లారీలు ఆగే వీల్లేదు. ఇక్కడ రాత్రి ఆగలేని సరుకు ఏమిటి? కొండల్లో అంత పొడవున స్తంభాలు లేపాలంటే ఏళ్ల తరబడి బండలు పేల్చాలి, యంత్రాలు తిప్పాలి, వేల మంది కూలీలకు అడవిలోనే గుడారాలు వేయాలి. ఈ కొండలు తేలిగ్గా లొంగవని దోమలపెంట సొరంగం చెప్పనే చెప్పింది. అమ్రాబాద్ అడవి అడుగున దాదాపు 44 కిలోమీటర్ల మేర తవ్వుతున్న ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. దాని వెనక నల్లగొండకు కృష్ణ నీళ్లు అందించాలన్న అవసరం ఉంది. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిన ఊళ్ల కోసం తలపెట్టిన పనిని, మనం రెండు గంటలు ముందుగా లాడ్జీకి చేరడం కోసం తలపెట్టే పనిని ఒకే గాటన కట్టలేం.

పైగా ఆకాశ మార్గం వచ్చాక గేటు ఉండదు. రాత్రంతా వాహనాలు పోతాయి. అవి చేరేది ఇరుకైన కొండ మీదికి. అక్కడ గదులు చాలవు, పార్కింగ్ చాలదు, చెత్త పోసే చోటు చాలదు. ఇంకొన్ని లాడ్జీలు కట్టాలంటారు, వాటికి నేల ఎక్కడి నుంచి వస్తుందో ఊహించుకోవచ్చు.

భక్తికి అడ్డు వస్తున్నారన్న మా బావ మాటకు నా జవాబు నడిచి వచ్చే కన్నడ భక్తులు. ఉగాదికి ముందు వేల మంది ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచి మల్లన్న దగ్గరికి వస్తారు. ఎర్రటి ఎండలో, బొబ్బలెక్కిన కాళ్లతో. వాళ్ల వల్ల అడవికి ఇబ్బంది లేదనను. నీళ్ల సీసాలు, వంట పొయ్యిలు, ఎండుటాకుల్లో నిప్పు భయం అన్నీ ఉన్నాయి, వాటికి కట్టడి కావాలి. కాని తొమ్మిది దాటింది, పొద్దున రమ్మన్నారని దేవుడికి ఫిర్యాదు చేసేవాళ్లలో వాళ్లు లేరు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగే జనానికీ అంతే, అడవి శాఖ ఎన్ని రోజులు తెరిస్తే అన్ని రోజులే యాత్ర.

నాకున్న అభ్యంతరం ఒకటే, గేటు వేళ మీద. తొమ్మిది అన్న అంకె మన వీలు చూసుకుని పెట్టుకున్నది, అడవి వేళకు సరిపడేది కాదు. మే నెలలో ఆరున్నర దాటాక పొద్దు గుంకుతుంది. డిసెంబరులో ఆరు కాకముందే చీకటి. అంటే చలికాలంలో, జంతువులు కదలడం మొదలుపెట్టిన తర్వాత మూడు గంటలకు పైగా రోడ్డు నిండా హెడ్‌లైట్లే ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏడింటికే మూయాలని నేనంటే మా గ్రూపులో నలుగురు మాట్లాడటం మానేశారు. శివరాత్రి రోజుల్లో సొంత కార్లను మన్ననూరులోను, దోర్నాలలోను ఆపించి, లోపలికి ఆర్టీసీ బస్సులను వరుసగా నడపమని కూడా అన్నాను. దానికి మా పెద్ద బావ ఒక్కడే బదులిచ్చాడు. బస్సులో సీటు దొరికేటట్టయితే తనకు అభ్యంతరం లేదట.